ఆవలింతకి లేచిన చెయ్యి

ఆత్రేయపురం

అమ్మలూ,

అక్షరాలు కోడి కెలికినట్టున్నాయని నవ్వకు. పక్షవాతం వచ్చిన కుడిచేత్తోనే రాస్తున్నాను. ఈ కాగితానికి మూడు రోజులు పట్టింది.

మొన్న ఫోనులో "మళ్ళీ పూతరేకుల కుండ దగ్గరికెందుకెళ్ళావమ్మా" అని అరిచావు. నాకింకా మాట ముద్దముద్దగా వస్తోంది, నేను చెప్పేలోగా నువ్వు పెట్టేశావు. అందుకే ఈ ఉత్తరం.

ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో కుడిచెయ్యి లెమ్మంటే లేచేది కాదు. ఓరోజు పొద్దున్నే అరుగు మీద కూచుని గట్టిగా ఆవలించానా, చెయ్యి దానంతటదే పైకి లేచింది! ఆవలింత అవగానే ఒళ్ళో పడింది. మీ నానమ్మ అమ్మవారి మహిమంది. మొదటిరోజు పావురం రక్తం రాయిద్దామన్నదీ ఆవిడే. పావురం బతికిపోయిందిలే.

కసరత్తు చేయించే అబ్బాయినడిగాను. మనం కావాలని చేసే పనికి హుకుం మెదడు పైపొరలోంచి బయల్దేరుతుందిట. నాకు ఎడమవైపు దెబ్బతింది. అక్కణ్ణుంచి దిగే నరాలు వెన్నుపాము మొదలయ్యే చోటికి కాస్త పైన చాలామట్టుకు అటువి ఇటు దాటతాయి, అందుకని పడింది కుడిచెయ్యి. వెన్నుపాములో ఇంకో నరం ఆ మాట అందుకుని కండకి చేరేస్తుంది. ఆవలింతేమో మెదడు కాండం పని, అంటే మెదడు అడుగున వెన్నుపాముతో కలిసే భాగానిది. దాని దారి వేరు. అంటే చెయ్యీ బాగుంది, వెన్నుపామూ బాగుంది. పైనుంచి కబురే అందట్లేదు.

మీ నాన్నగారు దీన్ని ధవళేశ్వరం ఆనకట్ట తలుపులతో పోల్చారు. తలుపు పడిపోయింది గానీ చేను చెడలేదన్నారు. నాకు సరిపోలేదు. నీళ్ళాగితే చేను ఎండాలి, నా వేళ్ళు బిగుసుకుపోతాయేం? మెదడు వెన్నుపాముకి చెయ్యమనే కాదు, ఆగమనీ చెబుతుందిట. ఆ అదుపు తప్పితే కండలు బిర్రబిగుస్తాయి.

ఇక కుండ సంగతి. పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, బోర్లించిన కుండ మీద ఒక్క లాగు లాగాలి. నొక్కితే రేకు మందం, తేలిస్తే చిల్లు. ముప్పై ఏళ్ళలో ఎంత నొక్కాలని ఏనాడూ ఆలోచించలేదు. ఆ లెక్కంతా చిన్నమెదడు చూసుకునేదిట. ఇప్పుడు ప్రతి లాగూ ఆలోచించి లాగుతున్నాను. భుజం ముందొచ్చింది, వేళ్ళింకా రావాలి. మెదడులో వీపుకి కాస్త చోటుంటే వేళ్ళకి బోలెడుంటుందిట మరి.

బంతి పిసకమన్నారు, పిసికాను. ఏ పని కావాలో ఆ పనే పదేపదే చేస్తే, పోయినచోటి పని పక్కచోటు కొంత నేర్చుకుంటుందన్నాడా అబ్బాయే. బంతి పిసికితే బంతి పిసకడమే వస్తుంది. నాకు రేకు రావాలి.

మంట దగ్గర మీ పిన్ని కూచుంటోంది, కొబ్బరాకులు తనే ఎగదోస్తోంది. నిన్న 12 లాగాను, 9 చిరిగాయి. మిగిలిన మూడూ బెల్లం, నెయ్యి వేసి చుట్టించి పంపుతున్నాను. ఒకటి కాస్త మందంగా ఉంటుంది.

మీ అమ్మ