ఆదివారం ట్రయల్‌కి వెళ్ళు నాన్నా

నాన్నా,

తెలుగులో రాస్తున్నా, మెల్లగా చదువుకో, అర్థం కాకపోతే వచ్చి అడుగు. ఎదురుగా కూర్చోబెట్టి చెబుదామంటే "ఓకే మా, ఐయామ్ ఫైన్ మా" అనేసి తలుపేసుకుంటున్నావు. వాట్సాప్‌లో పెడితే చదువుతున్నావు కానీ జవాబు ఇవ్వడం లేదు. అందుకే కాగితం మీద రాసి నీ టేబుల్ మీద పెడుతున్నా.

ఫుట్‌బాల్ క్లబ్ వాళ్ళు స్కాలర్‌షిప్, అంటే పదహారేళ్ళ తర్వాత కూడా తమ దగ్గరే ఉంచుకుని ఆట నేర్పే ఒప్పందం, ఇవ్వడం లేదని చెప్పిన రోజు నుంచి నువ్వు బంతి ముట్టుకోలేదు. ఆ రోజు ఆ గదిలో నేనూ ఉన్నాను కదా. ఆ క్లబ్ ఆయన లాప్‌టాప్ మన వైపు తిప్పి నీ ఆట ముక్కలు ముక్కలుగా చూపిస్తూ, ఇది బాగుంది, ఇది ఇంకా బాగుంది అని మెచ్చుకుంటూ వచ్చి, చివర్లో ఒక్క "కానీ"తో మొత్తం తేల్చేశాడు. నువ్వు తలెత్తలేదు. నీ కుడి బూటు లేసు ఊడిపోయి ఉంది, అంతసేపూ దాన్నే చూస్తూ కూర్చున్నావు. వాళ్ళ మీద నాకు కోపం ఉంది, దాచను. తొమ్మిదేళ్ళ పిల్లవాడిగా తీసుకుని, పదహారేళ్ళు వచ్చేదాకా వారానికి ఇన్ని సాయంత్రాలు వాడుకుని, అరగంటలో పంపించేయడం నాకు న్యాయంగా అనిపించలేదు. అయితే ఈ ఉత్తరం వాళ్ళ గురించి కాదు.

మొన్న నీ ఫ్రెండ్‌తో ఫోన్లో మాట్లాడుతూ, ఆ నాన్-లీగ్ క్లబ్, అంటే పై నాలుగు డివిజన్లకీ కింద ఆడే చిన్న క్లబ్, ట్రయల్‌కి పిలిచిన సంగతి చెప్పి, "అక్కడికెళ్తే ఇంక అయిపోయినట్టే" అన్నావు. వంటింట్లోకి వినిపించింది. ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. నీ మంచం పైన గోడ మీద ఎవరి ఫోటో ఉందో ఒకసారి తలెత్తి చూడు.

ఎబెరేచి ఎజే అంటే నీకు 2025 మే 17 గుర్తొస్తుంది. వెంబ్లీ, ఎఫ్ఎ కప్ ఫైనల్, అవతల మాంచెస్టర్ సిటీ, మన క్రిస్టల్ ప్యాలెస్ తరఫున 16వ నిమిషంలో కుడి వైపు నుంచి మున్యోజ్ ఇచ్చిన బంతిని నేల తాకకుండానే గోల్లోకి పంపేశాడు. క్రిస్టల్ ప్యాలెస్ చరిత్రలో మొట్టమొదటి పెద్ద కప్పు అది. ఆ రాత్రి క్రాయిడన్‌లో ఎవరూ నిద్రపోలేదు, నువ్వైతే గొంతు పోయేదాకా అరిచావు. ఆ గోల్ నువ్వు ఎన్నిసార్లు చూశావో నాకు తెలుసు. దానికి ముందు పద్నాలుగేళ్ళు అతను ఎక్కడెక్కడ ఉన్నాడో కూడా చూడాలి నువ్వు, ఎందుకంటే నీకిప్పుడు పనికొచ్చేది ఆ గోల్ కాదు, ఆ పద్నాలుగేళ్ళు.

అతను 1998లో పుట్టాడు, మనకి దగ్గరే, గ్రీనిచ్‌లో పెరిగాడు. అమ్మానాన్నలు నైజీరియా వాళ్ళు. మన ఫ్లాట్ల వెనకాల ఉన్నట్టే ఇనప కంచె వేసిన చిన్న కోర్టుల్లో, పెద్ద పిల్లల కాళ్ళ మధ్య నుంచి బంతి తప్పించుకుంటూ ఆట నేర్చుకున్నాడు. ఆర్సెనల్ అకాడమీలో ఉన్నాడు, పదమూడేళ్ళకి వాళ్ళు రిలీజ్ చేశారు, అంటే ఇక వద్దని పంపేశారు. అప్పుడు గదిలో పడుకుని రోజుల తరబడి ఏడ్చానని పెద్దయ్యాక తనే చెప్పుకున్నాడు. తర్వాత ఫుల్హామ్, అక్కడా ఉంచలేదు. తర్వాత రెడింగ్. గ్రీనిచ్ నుంచి రెడింగ్ అంటే లండన్ మొత్తం దాటి వెళ్ళాలి, సాయంత్రం ట్రాఫిక్‌లో ఆ ప్రయాణం ఎలా ఉంటుందో నిన్ను కార్లో తిప్పిన నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడా అంతే. ఆ తర్వాత మిల్‌వాల్, ఇంటికి దగ్గర, ఇక్కడైనా నిలబడతాడు అనుకునే చోటు. 2016లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, వాళ్ళు కూడా ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ ఇవ్వలేదు.

నాలుగు క్లబ్బులు నాన్నా. ఒక్కోచోట కొత్త కోచ్, కొత్త జెర్సీ, పేరు కూడా సరిగ్గా పలకలేని కొత్త పిల్లలు, ప్రతిసారీ మొదటి నుంచి తనేంటో చూపించుకోవాలి. నిన్ను వద్దన్నది ఒక్క క్లబ్. తక్కువ చేసి చెప్పడం లేదు, నీ బాధ నీది. కానీ "అయిపోయింది" అనే మాట అతను పదమూడేళ్ళకే అని ఉంటే ఆ ఫోటో నీ గోడ మీదకి వచ్చేది కాదు.

మిల్‌వాల్ పంపేశాక అతను కాలేజీలో చేరి, టెస్కోలో పార్ట్ టైమ్ పని చేసుకుందామనుకున్నాడు. ఈ సంగతి నాకు చాలా నచ్చింది. కాళ్ళ కింద నేల ఉండాలని చూసుకున్నాడు, ఆట మాత్రం వదల్లేదు. అప్పుడు క్వీన్స్ పార్క్ రేంజర్స్ ట్రయల్ వచ్చింది, వెళ్ళాడు, తీసుకున్నారు. అప్పుడు అక్కడ ఆటగాళ్ళ వ్యవహారాలు చూసే పెద్ద లెస్ ఫెర్డినాండ్. ఆయన ఎక్కడి నుంచి వచ్చాడో తెలుసా? ఏ అకాడమీ నుంచీ కాదు, హేస్ అనే నాన్-లీగ్ క్లబ్ నుంచి 1987లో అదే రేంజర్స్‌కి వచ్చి, ఇంగ్లండ్‌కి ఆడాడు. నలుగురు వద్దన్న కుర్రాడిని ఐదోసారి చూడటానికి అలాంటి మనిషి అక్కడ ఉండటం ఊరికే జరిగిందని నేను అనుకోను. ఇంకా ముందుకెళ్తే ఇయాన్ రైట్, ఆయనా మన దక్షిణ లండన్ మనిషే, గ్రీనిచ్ బరో అనే చిన్న క్లబ్‌లో ఆడుతుంటే 1985లో ప్యాలెస్ తీసుకుంది, అప్పటికి ఆయనకి ఇరవై రెండు నిండబోతున్నాయి. ఆర్సెనల్‌లో ఆయనేం చేశాడో నీకే బాగా తెలుసు. నువ్వు చిన్నచూపు చూస్తున్న ఆ దారిలో నీకంటే ముందు నడిచినవాళ్ళు వీళ్ళు.

ఇప్పుడు వికమ్ సంగతి చెప్తా, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. రేంజర్స్ 2017 జనవరిలో ఎజేని ఒక కప్ మ్యాచ్‌లో దింపింది కానీ ఆ తర్వాత చోటు దొరకలేదు. ఆ ఏడాది ఆగస్టులో వికమ్ వాండరర్స్ అనే చిన్న క్లబ్‌కి లోన్ మీద, అంటే కొంతకాలం అరువుగా, పంపారు. లీగ్ టూ, అంటే నాలుగో డివిజన్. వాళ్ళ స్టేడియం ఆడమ్స్ పార్క్, ఫ్యాక్టరీలూ గోడౌన్లూ దాటుకుంటూ పోతే రోడ్డు చివర్లో వస్తుంది. పంతొమ్మిదేళ్ళ కుర్రాడు, సన్నగా ఉంటాడు, ఎదురుగా ముప్పై దాటిన డిఫెండర్లు, వాళ్ళకి ఆ మూడు పాయింట్ల మీదే ఇంటి ఖర్చులు ఆధారపడి ఉంటాయి. బంతి అందంగా తిప్పావా అని అక్కడ ఎవరూ చూడరు, ఢీకొడితే లేచావా, లేచి మళ్ళీ బంతి అడిగావా అన్నదే చూస్తారు. జనవరి దాకా అక్కడ ఆడాడు, లీగ్‌లో అయిదు గోల్స్ కొట్టాడు, రేంజర్స్ వెనక్కి పిలిపించుకుంది. మార్చిలో వాళ్ళ తరఫున మొదటి గోల్ కొట్టాడు. ఇంక అక్కడి నుంచి జట్టులో చోటు ఖాయమైంది. 2019–20లో 46 లీగ్ మ్యాచ్‌లూ ఆడి 14 గోల్స్ చేశాడు, 2020 ఆగస్టులో ప్యాలెస్ కొనుక్కుంది.

అకాడమీలో నువ్వు ఆడినవి చాలా వరకు మీ వయసు పిల్లల మధ్య మ్యాచ్‌లు. పచ్చిక నున్నగా ఉంటుంది, ఓడినా ఎవరి జీతమూ ఆగదు, పక్కన నిలబడేది మాలాంటి తల్లిదండ్రులే. పోయిన ఏడాది ఎన్ని మ్యాచ్‌ల్లో నువ్వు బెంచి మీద కోటు కప్పుకుని కూర్చున్నావో గుర్తు చేసుకో. ఆ క్లబ్ బ్యాడ్జి చొక్కా మీద ఉందని మనందరం మురిసిపోయాం, కానీ బెంచి మీద కూర్చుంటే ఆట పెరగదు. ఈ చిన్న క్లబ్ వాళ్ళు నీకు ఇస్తామంటున్నది తొంభై నిమిషాలు. ఆ బురద గ్రౌండ్‌లో, ఆ చలిలో, పగలంతా ఉద్యోగాలు చేసి సాయంత్రం బూట్లు వేసుకునే మగవాళ్ళ మధ్య. నీ వయసులో దానికంటే మంచి బడి నాకు కనపడటం లేదు.

ఎజే లాగా అవుతావని నేను చెప్పడం లేదు. అలా చెప్తే నిన్ను మోసం చేసినట్టే. రిలీజ్ అయిన పిల్లల్లో ఎక్కువమంది పెద్ద క్లబ్బుల దాకా తిరిగి రారు, అది నీకూ తెలుసు. అదృష్టం కూడా కావాలి, ఒకోసారి అది కూడా చెయ్యిస్తుంది. 2021 మేలో ప్రాక్టీసులో అతని మడమ వెనకాల ఉండే అకిలీస్ స్నాయువు తెగింది. అదే రోజు, యూరో కప్ కోసం ఇంగ్లండ్ ముందుగా అనుకుంటున్న జట్టులో తన పేరు ఉందని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఎలా ఉంటుందో ఊహించు. నవంబరులో గానీ మళ్ళీ గ్రౌండ్‌లోకి రాలేదు, ఇంగ్లండ్ చొక్కా వేసుకునేసరికి 2023 జూన్ అయింది. అప్పటికి ఇరవై అయిదు నిండబోతున్నాయి. 2025 ఆగస్టులో ఆర్సెనల్ మళ్ళీ తీసుకుంది, పదమూడేళ్ళప్పుడు వద్దన్నవాళ్ళే.

మన తెలుగువాళ్ళ ఫంక్షన్లలో ఆంటీలు అడిగేవి పట్టించుకోకు. "మనవాళ్ళలో ఎవరైనా ఆడారా ఈ ఫుట్‌బాల్" అని మొన్న ఉగాదికి ఒకావిడ అడిగింది. టోటెన్‌హామ్ మొదటి జట్టుకి ఆడిన తొలి బ్రిటిష్ ఆసియన్ దిలన్ మార్కండే, అది 2021లో, అని చెప్పాను. అంత ఆలస్యంగానా అని ఆశ్చర్యపోయింది. తక్కువమందే ఉన్నారు, నిజమే. ఆ బరువు నిన్ను మోయమని నేను అడగను. నీకు ఆట ఇష్టం, అది చాలు నాకు.

నువ్వు ఎ-లెవెల్స్, మన ఇంటర్ లాంటివి, మానేస్తావేమో అని మీ నాన్నగారు టెన్షన్ పడుతున్నారు. నేను ఆ క్లబ్‌తో కలిసి నడిపే కాలేజీకి ఫోన్ చేసి కనుక్కున్నా. మాథ్స్ ఉంది, ఫిజిక్స్ కూడా ఉంది, పొద్దున ట్రైనింగ్, తర్వాత క్లాసులు. ఈ సంగతి నాన్నకి చెప్పాను, కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఆ గ్రౌండ్‌కి ఏ బస్సు వెళ్తుందని అడిగారు. అంటే ఒప్పుకున్నట్టే. చదువు విషయంలో మాత్రం నేను తగ్గను, మాథ్స్‌లో గ్రేడు పడిపోతే ఆట గురించి మళ్ళీ మాట్లాడుకుందాం. మన పదో తరగతి పరీక్షల్లాంటి జీసీఎస్ఈల ముందు వారానికి రెండు సాయంత్రాలకి మించి ఆడొద్దు.

ట్రయల్ ఆదివారం పొద్దున పదింటికి. పాత బూట్లు వేసుకో, కొత్తవి కాలు కొరుకుతాయి. నేను తీసుకెళ్తా, కానీ గేటు దగ్గరే ఆగిపోతా, లోపలికి నువ్వొక్కడివే వెళ్ళు. శుక్రవారం లోపల వాళ్ళ కోచ్‌కి నువ్వే ఫోన్ చేసి వస్తున్నానని చెప్పాలి. మెసేజ్ కాదు, ఫోన్. నంబరు ఈ కాగితం వెనకాల రాశాను.

అమ్మ