సంక్రాంతికి ట్రెడ్‌మిల్ ఎందుకు రాలేదంటే

మన జిమ్ సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతికి కొత్త ట్రెడ్‌మిల్ వస్తుందని నవంబరులో గోడకి కాగితం అంటించాను. ఆ మాట నమ్మి మీలో 31 మంది ఆర్నెల్ల ఫీజు, మనిషికి 3,600 రూపాయల చొప్పున, ముందే కట్టారు. మొత్తం 1,11,600. పండగ వెళ్లిపోయింది, ట్రెడ్‌మిల్ రాలేదు. ఆ డబ్బులో 1,10,000 పెట్టి వెనక గదిలో వెయిట్‌లిఫ్టింగ్ ప్లాట్‌ఫాం వేయించాను, దాని మీదకి బార్ (బరువులు తగిలించే ఇనుప కడ్డీ), ప్లేట్లు కొన్నాను. మిమ్మల్ని ఒక్క మాట అడక్కుండా చేశాను. అది తప్పే. వారం రోజులుగా దీని గురించి తలో మాటా నా చెవిన పడుతోంది. జరిగింది జరిగినట్టు నేనే చెప్తే మంచిదని ఇది రాస్తున్నాను.

ఇదంతా ఒక పాప కోసం. సాయంత్రం బ్యాచ్ వాళ్లందరికీ ఆ పాప తెలుసు. ఉదయం వచ్చేవాళ్లు చూసి ఉండరు. రెండేళ్ల కిందట ఒక హైస్కూలు పీఈటీ గారు తీసుకొచ్చారు. అప్పుడు ఎనిమిదో తరగతి, బరువు 33 కేజీలు. కబడ్డీ జట్టులో ఒక్క తోపుకి ఎగిరి పడుతోందని తీసేశారట. అందరికంటే చిన్న గుంట, కానీ ఇంటికి పొమ్మంటే పోదు, ఏం చేయాలో మీరే చూడండి మాస్టారూ అన్నారు. నేను స్క్వాట్ చేయమన్నాను. ఆ మాటే తెలీదు. కూర్చోమన్నాను. రెండు మడమలూ నేలకి ఆన్చి, వీపు నిటారుగా పెట్టి, చేటలో బియ్యం ఏరడానికి కూర్చున్నట్టు కూర్చుంది. అలాగే ఉండమని ఫోను మాట్లాడటానికి బయటికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అలాగే ఉంది. పెద్దవాళ్లకి ఆ కూర్చోవడం నేర్పడానికి నాకు మూడు నెలలు పడుతుంది.

ఆరు వారాలు వెదురు కర్రతోనే నేర్పాను. పొట్టి మనిషికి ఈ ఆటలో ఒక లాభం ఉంది, బార్ నేల మీంచి తల మీదకి వెళ్లే దూరం తక్కువ. నష్టం కూడా ఉంది. అరచెయ్యి చిన్నది. స్నాచ్‌కి, అంటే బార్‌ని నేల మీంచి ఒక్క ఊపులో తల మీదకి ఎత్తడానికి, బొటనవేలు బార్‌కి ఆన్చి, దాని మీద మిగతా వేళ్లు వేసి బిగించాలి. ఆడవాళ్ల బార్ 15 కేజీలు, పట్టుకునే చోట 25 మిల్లీమీటర్ల మందం. మగవాళ్ల బార్ 20 కేజీలు, 28 మిల్లీమీటర్లు. అప్పట్లో మన దగ్గర ఉన్నది మగవాళ్ల బార్ ఒక్కటే. ఏడాదిన్నర ఆ పిల్ల దాంతోనే ఎత్తింది. బొటనవేలు పక్కన చర్మం చిట్లేది. ప్లాస్టర్ చుట్టి, పళ్లతో తెంపి, మళ్లీ సుద్ద రాసుకుని వచ్చేది.

మొదటి ఏడాది జిల్లా పోటీల్లో 40 కేజీల శరీర బరువు విభాగంలో గెలిచింది. ఆ తర్వాత, 2025 జూన్ నుంచి అంతర్జాతీయ వెయిట్‌లిఫ్టింగ్ సమాఖ్య ఈ విభాగాలన్నీ మార్చింది. యూత్ అమ్మాయిల్లో, అంటే 13 నుంచి 17 ఏళ్ల వాళ్లలో, 40, 45 పోయాయి. ఆ మార్పుతో అన్నిటికంటే చిన్నది 44 కేజీలు అయింది. మన పాప 39 కేజీల 600 గ్రాములు. అంటే తనకంటే నాలుగు కేజీలు ఎక్కువ బరువున్న అమ్మాయిలతో పోటీ పడాలి. నాన్నకి జూట్ మిల్లులో పని, మిల్లు ఆగిన నెలల్లో ఇంట్లో గుడ్లు కూడా ఆగుతాయి. అందుకే రోజుకి నాలుగు గుడ్లు, వేరుశనగలు, పాలు మా ఇంటి నుంచే వెళ్తున్నాయి. ఆ ఖర్చు నా సొంతం, మీ ఫీజులోది కాదు.

ఈసారి జిల్లా పోటీల్లో మొదటిసారి అసలైన ఆడవాళ్ల బార్ పట్టుకుంది. వార్మప్‌లో ఖాళీ బార్ ఎత్తి, దించి, తన చేతికేసి చూసుకుంది. "మాస్టారూ, ఇది నా చేతిలో పట్టింది" అంది.

ఆ మాట విన్న రోజు నుంచి నాకు నిద్ర లేదు. పాత ట్రెడ్‌మిల్ బెల్టు జారిపోతోందని నాకు తెలుసు. ఉదయం బ్యాచ్‌లో మోకాళ్ల నొప్పులున్న పెద్దలు ఎంత జాగ్రత్తగా దాని మీద నడుస్తున్నారో రోజూ చూస్తున్నాను. మీ డబ్బు బీరువాలో ఉంది, ట్రెడ్‌మిల్ కొటేషన్ బల్ల మీద ఉంది. పది రోజులు ఆ కాగితం తీసి చూడటం, మళ్లీ పెట్టడం. మా ఆవిడ ఒకటే అడిగింది, "వాళ్ల డబ్బు కదా, వాళ్లని అడిగారా?" అని. అడిగితే కాదంటారని భయపడ్డాను. అందుకే అడగలేదు. ట్రెడ్‌మిల్ రెండు నెలలు ఆలస్యమైతే మీకు ఇబ్బంది. ఆ పిల్లకి రాష్ట్ర పోటీలు అప్పటికి ఏడు వారాల్లో ఉన్నాయి. నేను బార్ వైపు మొగ్గాను. ఇవాళ మళ్లీ అదే పరిస్థితి వస్తే మిమ్మల్ని కూర్చోబెట్టి అడుగుతాను. అడిగి, బారే కొంటాను.

ఇక సరఫరాదారు సంగతి. పేరు రాయను. ప్లైవుడ్, రబ్బరుతో నాలుగు మీటర్లకి నాలుగు మీటర్ల ప్లాట్‌ఫాం మన వడ్రంగి 28,000కి వేశాడు, దానికి వంక పెట్టడానికి లేదు. బార్, ప్లేట్లకి 82,000 మొత్తం ముందే పంపమన్నారు, పంపాను. పది రోజులన్నారు, ఇరవై మూడు రోజులకి వచ్చింది. పెట్టె విప్పితే మెరిసిపోతోంది. బార్ మీద 15 అని స్టిక్కరు, పొడవు కూడా సరిగ్గా ఆడవాళ్ల బార్ అంతే, 2 మీటర్ల 1 సెంటీమీటరు. ఆ హడావుడిలో మందం కొలవలేదు. ఇరవై రెండేళ్లుగా ఇనుముతో బతుకుతున్నవాణ్ణి, స్టిక్కరు చూసి నమ్మాను. పాప మాత్రం మొదటి రోజే అంది, "మాస్టారూ, అక్కడి బార్‌లా లేదు" అని. కొత్తది కదా, గరుకు పోతే సర్దుకుంటుందిలే అన్నాను. పిల్ల మాట వినాల్సింది.

మూడు వారాలు దాంతోనే సాధన చేసి రాష్ట్ర పోటీలకి వెళ్లాం. స్నాచ్‌లో మొదటి ప్రయత్నం 45. మన దగ్గర తప్పకుండా ఎత్తే బరువు. బార్ పైకి వెళ్లింది, ఎడమ పక్కకి ఒరిగి ముందుకి పడింది. మూడు ఎర్ర దీపాలు. మళ్లీ అదే 45 అడిగాం. వరసగా తనే కాబట్టి రెండు నిమిషాలు ఇచ్చారు. మళ్లీ ఎడమకే పోయింది. మూడోది కూడా పోతే స్నాచ్ సున్నా, మొత్తం స్కోరే ఉండదు. సుద్ద డబ్బా దగ్గర నిలబడి నా వైపు చూసింది. నాకు చెప్పడానికి ఏమీ తోచక, "కర్ర అనుకో, వెదురు కర్ర" అన్నాను. వెళ్లి ఎత్తింది. లేచి నిలబడే దాకా నేను ఊపిరి పీల్చలేదు. మూడు తెల్ల దీపాలు. క్లీన్ అండ్ జెర్క్‌లో, అంటే ముందు భుజాల మీదకి, తర్వాత తల మీదకి ఎత్తేదాన్లో, 58. మొత్తం 103, నాలుగో స్థానం. అక్కడున్న అందరిలో తక్కువ బరువున్న పిల్ల తనే.

తిరిగొచ్చాక ఆ వీడియో ముప్పైసార్లు చూసుంటాను. ప్రతిసారీ ఎడమకే. బార్ భుజాన వేసుకుని లేత్ షాపుకి వెళ్లాను. మందం కొలిచే కాలిపర్ పెడితే 28 మిల్లీమీటర్లు! మగవాళ్ల బార్‌ని పొట్టిగా కోసి 15 స్టిక్కరు వేశారు. అక్కణ్ణించి బియ్యం కొట్టుకి వెళ్లి కాటా మీద పెట్టాం. బార్ 16 కేజీల 400 గ్రాములు. 15 అని రాసి ఉన్న ప్లేట్లలో ఒకటి 14 కేజీల 600, రెండోది 15 కేజీల 700. అంటే మన దగ్గర ఆ పిల్ల 45 అనుకుని ఎత్తింది 46 కేజీల 700. పైగా ఒక పక్క కేజీ పైన ఎక్కువ. దానికి సరిపోయేలా ఒళ్లు అలవాటు చేసుకుంది. సరైన బార్ చేతికొచ్చేసరికి ఆ అలవాటే పడేసింది. లెక్క చెప్తే పాప ఏడుస్తుందనుకున్నాను. "అయితే నేను నలభై ఆరున్నర పైనే ఎత్తేదాన్నా మాస్టారూ?" అని కళ్లు పెద్దవి చేసింది.

సరఫరాదారుకి ఫోను చేస్తే, "మూడు మిల్లీమీటర్లకి ఏమవుతుందండీ, చిన్నపిల్లే కదా" అన్నాడు. తర్వాత, సామాను బాగుందని వీడియో పెడితే 8,000 వెనక్కిస్తానన్నాడు. నా జిమ్ పేరు మీద అబద్ధం చెప్పడానికి ఎనిమిది వేలు! ఆ ఫోను పెట్టేశాక చాలాసేపు నా చేతులు వణికాయి. బిల్లు, కాటా చీటీ, ఫోటోలు అన్నీ జతచేసి వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాను. ఎన్ని నెలలు పట్టినా వదలను.

ఈలోగా నా బండి అమ్మి మరో చోట బార్ కొన్నాను. ఈసారి జేబులో కాలిపర్ పెట్టుకుని రైలెక్కి వెళ్లి, కొలిచి, తూచి తెచ్చాను. 25 మిల్లీమీటర్లు, 15 కేజీలు. ప్లేట్లు కూడా ఒక్కొక్కటీ కాటా ఎక్కించాకే తీసుకున్నాను. దీన్లో మీ డబ్బు ఒక్క రూపాయి లేదు.

ఒక పెద్దాయన మొన్న నా మొహం మీదే అన్నారు, "ఒక్క గుంట కోసం ముప్పై మందిని ముంచావు" అని. ఆయన నాకు పదేళ్ల నుంచి సభ్యుడు, ఆయనంటే నాకు గౌరవం. కానీ ఆ మాట గుచ్చుకుంది. మన విజయనగరం పక్కనే, నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ పల్లెటూరే. అక్కణ్ణించి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలకి వెళ్లి వెయిట్‌లిఫ్టింగ్‌లో పతకం తెచ్చింది. కరణం మల్లీశ్వరిది శ్రీకాకుళం వైపు ఊసవానిపేట, 2000లో సిడ్నీలో రెండు లిఫ్టులూ కలిపి 240 కేజీలు ఎత్తి ఒలింపిక్ కాంస్యం తెచ్చింది. వాళ్లు కూడా ఏదో ఒక ఊళ్లో, ఎవరో ఒకరి గదిలో, ఒక్క గుంటగానే మొదలుపెట్టి ఉంటారు కదండీ. 2025 అక్టోబరులో బహ్రెయిన్‌లో ఆసియా యూత్ గేమ్స్ జరిగాయి. ఇదే 44 కేజీల విభాగంలో పక్కనున్న ఒడిశా అమ్మాయి ప్రీతిస్మితా భోయ్ క్లీన్ అండ్ జెర్క్‌లో 92 ఎత్తి స్వర్ణం గెలిచింది. మన పాప 58 దగ్గర ఉంది. ఆ దూరం ఎంతో నాకు తెలుసు, పాపకీ తెలుసు. ఆ అంకె సుద్ద డబ్బా మూత లోపల రాసుకుంది.

ఇక మీకు సంబంధించినవి. ట్రెడ్‌మిల్ ఉగాదికి వస్తుంది, దానికి బ్యాంకులో అప్పు మంజూరైంది. అందాకా పాతదానికి కొత్త బెల్టు ఈ శనివారం వేయిస్తున్నాను. ఫీజు ఈ ఏడాది పెంచను. ముందుగా కట్టిన 31 మందిలో ఎవరికి కావాలన్నా వాడుకున్న నెలలు మినహాయించి మిగతాది తిరిగిస్తాను, కారణం అడగను. వెనక గది సాయంత్రం అయిదు నుంచి ఆరున్నర దాకా పిల్లలకే. ఇప్పుడు అయిదుగురు వస్తున్నారు. మిగతా టైములో మీరు వాడుకోవచ్చు, కానీ పసుపు టేపు చుట్టిన బార్ మాత్రం ముట్టుకోకండి. మొన్న ఎవరో దాన్ని బెంచ్‌ప్రెస్‌కి వాడి, సుద్ద తుడవకుండా వదిలేశారు.

ఇంకొక్కటి. మీరు వాడే ప్రోటీన్ పొడులు, ఆ ప్రీ వర్కవుట్ డబ్బాలు ప్రేమతో కూడా పిల్లలకి ఇవ్వొద్దు. గ్లాస్గోలో సంతోషి మొదట మూడో స్థానంలో ఉంది. గెలిచిన నైజీరియా అమ్మాయి డోప్ పరీక్షలో దొరికిపోవడంతో వెండి పతకం వచ్చింది. ఆ నైజీరియా అమ్మాయి వయసు అప్పటికి పదహారు. మన పిల్లల చేతికి ఏం వెళ్తుందో నాకు తెలియాలి.

కోపం ఉన్నవాళ్లు, డబ్బు కావాల్సినవాళ్లు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర మధ్య రండి. బిల్లులు, కాటా చీటీ, ఆ దొంగ బార్ కౌంటరు పక్కనే పెట్టాను, చూసుకోవచ్చు. అయిదింటికి పాప వస్తుంది. ఆ తర్వాత ఆరున్నర దాకా నేను ఎవరితోనూ మాట్లాడను.