ప్రజల డబ్బుతో కట్టిన స్టేడియానికి తాళం ఎందుకు?

సంపాదకుల వారికి నమస్కారం.

మన పత్రికల క్రీడా పేజీల్లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ వార్తలు తరచూ వస్తుంటాయి. రొనాల్డో, రూనీ, బెక్‌హమ్ పేర్లు ఫుట్‌బాల్ చూడని ఇళ్లలోనూ తెలుసు. అదే జట్టుకు ఆడిన లియామ్ మిల్లర్ గురించి మాత్రం తెలుగులో ఒక్క ముక్క రాసినట్టు నా కంట పడలేదు. ఐర్లండ్‌లో కార్క్ నగరం పక్కన ఓవెన్స్ అనే చిన్న ఊరి కుర్రాడు. పాంక్రియాస్ (క్లోమం) క్యాన్సర్‌తో 2018 ఫిబ్రవరి 9న పోయాడు, ఇంకో నాలుగు రోజులుంటే 37 నిండేవి. అతని ఆట గురించీ, అతను పోయాక ఒక స్టేడియం విషయంలో జరిగిన గొడవ గురించీ మీ పాఠకులకు తెలియాలని ఈ ఉత్తరం.

ముందు ఆట సంగతి, ఎందుకంటే జబ్బు చేసి పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు అందరూ వదిలేసేది దాన్నే. మిల్లర్ మిడ్‌ఫీల్డర్, అంటే మైదానం మధ్యలో ఆడేవాడు. కుర్రతనంలోనే స్కాట్లండ్ వెళ్లి సెల్టిక్ క్లబ్‌లో చేరాడు, గాయాలతో కొన్నేళ్లు వృథా అయ్యాయి, మధ్యలో డెన్మార్క్‌లో ఒక క్లబ్‌కి అప్పుగా కూడా పంపారు. తీరా 2003-04 సీజన్‌లో అవకాశం దొరికేసరికి యూరప్ పెద్ద క్లబ్‌ల పోటీ చాంపియన్స్ లీగ్‌లో ఫ్రాన్స్ క్లబ్ లియాన్ మీద ఒక గోల్, బెల్జియం క్లబ్ అండర్‌లెక్ట్ మీద ఇంకో గోల్ కొట్టి అందరి కళ్లలో పడ్డాడు. ఆ ఊపులోనే మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ అతన్ని మాంచెస్టర్ యునైటెడ్‌కి తీసుకున్నాడు. అక్కడ పెద్దగా కుదురుకోలేదు, నిజమే. స్కోల్స్, రాయ్ కీన్ ఉన్న మిడ్‌ఫీల్డ్‌లో చోటు సంపాదించడం ఎవరికైనా కష్టమే, అంతమాత్రాన అతన్ని ఫెయిల్యూర్ అనేయడం నాకు అస్సలు నచ్చదు.

ఎందుకు నచ్చదో, తర్వాత వెళ్లిన ఇంగ్లండ్ క్లబ్ సండర్లండ్‌లో ఏం జరిగిందో చూస్తే అర్థమవుతుంది. 2006లో ఆ జట్టు లీగ్‌లో మొదటి నాలుగు మ్యాచ్‌లూ ఓడి అడుగున పడి ఉంది. అప్పుడే రాయ్ కీన్ మేనేజర్‌గా వచ్చాడు, అతనూ కార్క్ మనిషే, వచ్చీరాగానే మిల్లర్‌ని తెచ్చుకున్నాడు. ఆ సీజన్ అయ్యేసరికి ఆ జట్టే రెండో అంచె లీగ్ అయిన చాంపియన్‌షిప్ గెలిచి, పై అంచె ప్రీమియర్ లీగ్‌కి ఎక్కింది. పైకి రావడానికి తమతో పోటీ పడుతున్న డర్బీ మీద 2007 ఫిబ్రవరిలో, 90 నిమిషాలూ అయిపోయాక, తలతో బంతిని నెట్లోకి కొట్టి 2-1తో గెలిపించింది మిల్లరే. ఐర్లండ్ జాతీయ జట్టుకు 21 మ్యాచ్‌లు ఆడాడు. ఒకటే గోల్, 2006లో స్వీడన్ మీద, దూరం నుంచి లాగిపెట్టి కొట్టాడు. తర్వాత స్కాట్లండ్ క్లబ్ హైబర్నియన్, ఆ తర్వాత ఆస్ట్రేలియాలో పెర్త్, బ్రిస్బేన్, మెల్‌బోర్న్, చివరికి సొంతూరి కార్క్ సిటీ, అమెరికాలో ఒక చిన్న క్లబ్.

పాంక్రియాస్ పొట్ట వెనక లోపలికి ఉంటుంది. అక్కడ గడ్డ పెరుగుతున్నా మొదట్లో పెద్దగా ఏమీ తెలియదు, నడుం నొప్పి, ఆకలి తగ్గడం, ఒళ్లు తగ్గడం లాంటివి కనిపిస్తే గ్యాస్ అనో అలసట అనో సరిపెట్టుకుంటాం. కామెర్లు వచ్చి పరీక్షలు చేయించేసరికి చాలామందికి ఆపరేషన్ చేసే దశ దాటిపోయి ఉంటుంది. ముప్పై ఏళ్లు దాటిన మనిషికి, అందులోనూ నిన్న మొన్నటిదాకా మైదానంలో పరిగెత్తినవాడికి ఇలాంటిది వస్తుందని ఎవరు అనుకుంటారు? 2017 చివర్లో జబ్బు బయటపడింది, మూడు నెలలు గట్టిగా గడవకముందే అయిపోయింది. భార్య, ముగ్గురు చిన్నపిల్లలు మిగిలారు.

ఆ కుటుంబం కోసం, అతన్ని ఆఖరి రోజుల్లో చూసుకున్న మేరీమౌంట్ హాస్పిస్ (ఆఖరి దశ రోగుల్ని చూసుకునే చోటు) కోసం ఒక సాయం మ్యాచ్ పెడదామని పాత మిత్రులు అనుకున్నారు. యునైటెడ్ పాత ఆటగాళ్లు ఒక వైపు, ఐర్లండ్, సెల్టిక్ పాత ఆటగాళ్లు ఇంకో వైపు. కార్క్‌లో ఫుట్‌బాల్ ఆడే మైదానం టర్నర్స్ క్రాస్, అందులో ఏడు వేల మంది పడతారేమో. టికెట్లు చూస్తుండగానే అయిపోయాయి. అదే నగరంలో 45,000 మంది పట్టే పార్క్ ఈ క్వీవ్ స్టేడియం ఉంది, కొత్తగా కట్టింది, ప్రభుత్వం దానికి 3 కోట్ల యూరోలు ఇచ్చింది. కానీ అది గేలిక్ ఆటల (ఐర్లండ్ సొంత ఆటల) సంఘం వాళ్లది. వేరే ఆటలకు ఇవ్వడం మా రూల్స్‌లో లేదన్నారు.

ఆ రూల్ ఊరికే పుట్టలేదని ఒప్పుకోవాలి. 1884లో ఆ సంఘం పెట్టిందే ఇంగ్లీషువాళ్ల పాలనలో తమ సొంత ఆటల్ని కాపాడుకోవడానికి. 1920 నవంబర్‌లో డబ్లిన్ క్రోక్ పార్క్‌లో మ్యాచ్ జరుగుతుంటే బ్రిటిష్ బలగాలు కాల్పులు జరిపి 14 మంది ప్రాణాలు తీశాయి. అలాంటి చరిత్ర ఉన్నవాళ్లు మైదానాన్ని గుడిలా చూసుకుంటారంటే నాకు అర్థమవుతుంది. కానీ 2007లో అదే క్రోక్ పార్క్‌లో ఇంగ్లండ్ రగ్బీ జట్టు ఆడింది, వాళ్ల జాతీయగీతం పాడారు, ఐర్లండ్ ఫుట్‌బాల్ జట్టు కూడా ఆడింది. అక్కడ సడలించినది కార్క్‌లో ఎందుకు కుదరదు? పైగా మిల్లర్ చిన్నప్పుడు వాళ్ల ఊరి గేలిక్ క్లబ్‌లోనే ఆడాడు. పరాయివాడేం కాదు.

జనం ఊరుకోలేదు. పాత ఆటగాళ్లు, రాజకీయ నాయకులు, ఆ సంఘంలోనే ఉన్న మామూలు సభ్యులు కూడా గట్టిగా అడిగారు. ప్రజల సొమ్ము తీసుకున్నప్పుడు ప్రజల మాట వినరా అని. చివరికి ఆ జూలైలోనే అనుమతి ఇచ్చారు, సెప్టెంబర్ 25న స్టేడియం కిక్కిరిసింది. రాయ్ కీన్, ఐర్లండ్ పాత ఆటగాళ్లు రాబీ కీన్, డఫ్ అందరూ వచ్చి ఆడారు.

ఇచ్చారు కదా, ఇంకేం అని ఎవరైనా అనొచ్చు. నా బాధ అది కాదు. ఆ గొడవ జరిగేటప్పటికి అతను పోయి ఆరు నెలలు కూడా కాలేదు. ఆ ఇంటి వాళ్లు, మిల్లర్ పేరు మీద ఆ స్టేడియంలో మ్యాచ్ పెట్టనివ్వాలా వద్దా అని దేశమంతా వాదించుకుంటుంటే పేపర్లో, టీవీలో చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది. అడిగినరోజే సరే అని ఉంటే సరిపోయేది. తర్వాత ఒప్పుకోగలిగినవాళ్లు మొదటే ఎందుకు ఒప్పుకోలేకపోయారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

మీరు ఏదో ఒక ఆదివారం అతని మీద ఒక పేజీ వేస్తే బాగుంటుంది. స్టేడియం గొడవ ఎలాగూ రాస్తారు, దానితోపాటు ఆ సెల్టిక్ సీజన్, డర్బీ మీద కొట్టిన ఆ గోల్ కూడా వివరంగా రాయమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఫుట్‌బాల్ అభిమాని,
కాకినాడ