గోల్కొండ పేరుతో వెలసిన భవనానికి వాస్తుచరిత్రలో చోటేది?

సంపాదకులకు,

అయ్యా,

ఆధునిక భారతీయ వాస్తుశిల్పం గురించి మన పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు 1950ల నాటి చండీగఢ్‌తోనూ, ఆ నగరాన్ని రూపొందించిన వాస్తుశిల్పి లె కొర్బూజియే పేరుతోనూ మొదలవుతాయి. చండీగఢ్ గొప్పతనం గురించి నాకు పేచీ లేదు. కానీ అంతకు పదేళ్లకు పైగా ముందే, 1937లో, పుదుచ్చేరిలో నిర్మాణం మొదలైన ఒక భవనం ఆ వ్యాసాల్లో ఎక్కడా కనిపించకపోవడం నన్ను చాలాకాలంగా బాధిస్తున్న విషయం. శ్రీ అరవిందాశ్రమ సాధకుల వసతి కోసం కట్టిన ఆ మూడంతస్తుల కాంక్రీటు భవనం పేరు ‘గోల్కొండ్’. మన గోల్కొండనే ఫ్రెంచివారు అలా పలుకుతారు.

ఆ పేరు వెనుక హైదరాబాద్ సొమ్ము ఉంది. హైదరాబాద్ సంస్థానంలో ఆర్థికమంత్రిగా, ఆ తరువాత ప్రధానమంత్రిగా పనిచేసిన సర్ అక్బర్ హైదరీకి అరవిందుల మీద భక్తిగౌరవాలు ఉండేవి. ఆయన చొరవతో నిజాం ప్రభుత్వం నుంచి లక్ష రూపాయల విరాళం అందింది. ఆ కృతజ్ఞతతోనే, శ్రీమాతగా ప్రసిద్ధురాలైన మీరా అల్ఫాసా భవనానికి ఆ పేరు పెట్టారు. సరిగ్గా అదే కాలంలో, 1934 నుంచి 1939 వరకు, హైదరాబాద్‌లో ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనం గులాబీ ఛాయ గ్రానైటుతో, చెక్కడపు పనితో రూపు దిద్దుకుంటోంది. ఒకే ఖజానా సొమ్ముతో ఒకచోట గతానికి ఘనంగా నివాళి పట్టే కట్టడం, మరోచోట అలంకారం అన్న మాటే ఎరగని వట్టి కాంక్రీటు కట్టడం దాదాపు ఏకకాలంలో లేచాయి. మొదటిదాన్ని మనం గర్వంగా చూపించుకుంటాం, చూపించుకోవాలి కూడా. రెండోది ఒకటి ఉందన్న సంగతి తెలంగాణలో ఎంతమందికి తెలుసు?

దీన్ని రూపొందించిన ఆంటోనిన్ రేమండ్ చెక్ దేశంలో పుట్టి, అమెరికాలో ప్రసిద్ధ వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ వద్ద పనిచేసి, రైట్ చేపట్టిన ఇంపీరియల్ హోటల్ పని మీద 1919 చివర జపాన్ చేరి, టోక్యోలోనే సొంత కార్యాలయం తెరిచిన వాస్తుశిల్పి. అరవిందుల శిష్యుడిగా పవిత్ర అన్న పేరు పొందిన ఫ్రెంచి ఇంజినీరు ఫిలిప్ సెయింట్ హిలేర్‌కు జపాన్‌లో ఉన్ననాటి నుంచీ రేమండ్‌తో స్నేహం. ఆ స్నేహమే ఈ పనికి దారితీసింది. జార్జి నకాషిమా అనే యువ వాస్తుశిల్పి టోక్యో కార్యాలయం నుంచి వచ్చి పుదుచ్చేరిలో నిర్మాణ బాధ్యత తీసుకున్నాడు. కొంతకాలానికి తానే ఆశ్రమ సాధకుడై, జీతం వద్దన్నాడు. అరవిందులు అతనికి సుందరానంద అని పేరు పెట్టారు. లె కొర్బూజియే వద్ద పనిచేసి వచ్చిన ఫ్రాంటిషెక్ సామర్ అనే చెక్ వాస్తుశిల్పి కూడా ఈ పనిలో చేరాడు. మిగిలిన శ్రమంతా ఎక్కువగా సాధకులదీ, స్థానిక కూలీలదీ. తలుపుల పిడులు, బందులు, బిగింపుల కోసం సాధకులు తమ ఇళ్లలోని ఇత్తడి పాత్రలు తెచ్చి ఇస్తే, వాటిని కరిగించి అక్కడే పోత పోశారు.

ఇక భవనం సంగతి. అనుమతి తీసుకుని లోపలికి వెళ్లినవారికి మొదట తెలిసేది, గదుల ముఖాన గాజు కిటికీ అన్నదే లేదని. ఉత్తర దక్షిణ ముఖాలంతటా, పైనుంచి కిందివరకు, సిమెంటు పలకలు అడ్డంగా వరుసలు తీరి ఉంటాయి. లోపలి ఇత్తడి పిడి పట్టుకుని తిప్పితే ఒక వరుస పలకలన్నీ కలిసి కదులుతాయి. పూర్తిగా తెరవవచ్చు, ఎండ పడకుండా గాలి మాత్రమే వచ్చేలా ఏటవాలుగా నిలపవచ్చు, వాన జల్లు కొడుతుంటే మూసేయవచ్చు. గదికీ నడవాకూ మధ్య ఉండే జరుపుడు తలుపులు టేకు బద్దలతో చేసినవి. ఆ బద్దలు ఒకదాని వెనుక ఒకటి ఎడం ఎడంగా అమరి ఉండటం వల్ల గాలి దూరుతుంది గానీ చూపు దూరదు. నడవాకు ఒకవైపే గదులు ఉండటంతో గాలి ఈ ముఖాన ప్రవేశించి ఆ ముఖాన వెళ్లిపోతుంది. కప్పు రెండు పొరలు: చదునైన శ్లాబు, దాని మీద కొంత ఎత్తులో విడిగా పోసి అమర్చిన పలుచని వంపు పెంకులు. ఎండ వేడిని పైపొర భరిస్తుంది, రెండింటి నడుమ గాలి ఆడుతుంది. చండీగఢ్‌లో సూర్యుణ్ణి అడ్డే కాంక్రీటు పలకలు కట్టిన చోటే స్థిరంగా ఉండిపోయేవి. వాటికంటే ముందే పుట్టిన ఈ పలకలు మాత్రం గదిలో ఉన్న మనిషి చేతి కింద కదులుతాయి. ఈ తేడా చిన్నది కాదని నా అభిప్రాయం.

రెండు మాటలు నిష్పక్షపాతంగా చెప్పాలి. ఇది దేశంలోనే మొదటి ఆర్‌సీసీ (ఉక్కు కడ్డీలు వేసి పోసిన కాంక్రీటు) భవనమని కొందరు రాస్తుంటారు. ఆర్‌సీసీ అంతకుముందే మన దేశంలో వాడుకలో ఉంది కాబట్టి ఆ గొప్ప దీనికి అంటగట్టనక్కరలేదు, దాని అవసరమూ దీనికి లేదు. కాంక్రీటును పూతలతో దాచకుండా, ఉష్ణమండల వాతావరణానికి తగినట్టు ఇంత సమగ్రంగా ఆలోచించి వాడటమే దీని ఘనత. రెండోది, ఆ పలకలు ఆస్బెస్టాస్ కలిసిన సిమెంటువి. ఆ పదార్థం వల్ల ఊపిరితిత్తులకు కలిగే హాని ఇప్పుడు మనకు తెలుసు. అందుచేత అనుసరించవలసింది పద్ధతిని, పదార్థాన్ని కాదు.

ఇంతటి పని మరుగున పడటానికి కారణాలు లేకపోలేదు. నకాషిమా 1939లో వెళ్లిపోయాడు. అమెరికాలో పుట్టినవాడైనా జపాన్ సంతతివాడన్న కారణంతో జపాన్‌తో యుద్ధం నడుస్తున్న 1942లో అక్కడి ప్రభుత్వం అతన్ని భార్యాబిడ్డలతో సహా నిర్బంధ శిబిరంలో పెట్టింది. అక్కడినుంచి విడిపించి తన పొలానికి రప్పించుకున్నది మళ్లీ రేమండే. సామర్ రెండో ప్రపంచ యుద్ధంలో చేరడానికి వెళ్లాడు. 1940ల నడుమ పని ముగిసేనాటికి దీన్ని మొదలుపెట్టిన వాస్తుశిల్పుల్లో ఎవరూ ఆ ఊళ్లో లేరు. చెక్ చరిత్ర, జపాన్ చరిత్ర, అమెరికా చరిత్ర దీన్ని ఎక్కడో దూరాన కట్టిన కట్టడంగానే చూశాయి. మన చరిత్రకారులకేమో స్వాతంత్ర్యానంతర నిర్మాణాల కథే ప్రధానమైంది. పైగా ఆశ్రమవాసులు ఈనాటికీ నివసించే ప్రశాంతమైన వసతిగృహమిది. పర్యాటక స్థలం కాదు, ప్రచారం కోరుకునేదీ కాదు.

నివాసంగా ఉండటమే దీన్ని కాపాడింది కూడా. ఢిల్లీ ప్రగతి మైదానంలో రాజ్ రేవల్ రూపొందించగా మహేంద్ర రాజ్ ఇంజినీరుగా నిలబెట్టిన ‘హాల్ ఆఫ్ నేషన్స్’ 1972 నాటిది. అరవై ఏళ్లు నిండని కట్టడాన్ని వారసత్వ సంపదగా పరిగణించబోమన్న వాదన ముందు నిలవలేక, 2017 ఏప్రిల్‌లో రాత్రికి రాత్రి అది నేలమట్టమైంది. ఇరవయ్యో శతాబ్దపు కట్టడం పాతదిగా గౌరవం పొందడానికి చాలినంత పాతది కాదు, కొత్తదిగా మోజు పుట్టించేదీ కాదు. ఆ సందులోనే అవి పోతున్నాయి.

గచ్చిబౌలి, మాదాపూర్ ప్రాంతాల్లో పడమటి ఎండకు ఎదురుగా గాజు గోడలు నిలబెట్టి, ఆ వేడిని తోడిపోయడానికి ఏసీలు నడుపుతున్నాం. కృష్ణా తీరంలో కొత్త రాజధాని భవనాలు లేస్తున్నాయి. పుదుచ్చేరి తేమ గాలికి పనికొచ్చినదంతా తెలంగాణ పొడి ఎండకు యథాతథంగా పనికిరాదు. ఇక్కడ మండుటెండవేళ వేడిగాలిని బయటే ఆపి, రాత్రిపూట చల్లగాలిని లోపలికి రానివ్వాలి. కాలాన్ని బట్టి, పూటను బట్టి తెరిచి మూసుకోగల గోడ అందుకే మరింత అవసరం. నీడనిచ్చే రెండో కప్పు మాత్రం ఎక్కడైనా మేలే చేస్తుంది.

అందుచేత మూడు విన్నపాలు. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, విజయవాడలోని ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) తమ విద్యార్థుల చేత, ఆశ్రమం అనుమతించిన మేరకు, ఈ భవనం నిలువుకోతను (నిలువునా కోస్తే లోపల కనిపించే రూపాన్ని) కొలిచి గీయించాలి. ఆ పలకల యంత్రాంగపు నమూనాను అసలు పరిమాణంలో చేయించి, మన ఎండల్లో పరీక్షించాలి. హైదరాబాద్ సంస్థాన చరిత్ర రాసేవారు అక్బర్ హైదరీ కృషిని ప్రస్తావించేటప్పుడు ఉస్మానియా పక్కన ఈ పేరు కూడా చేర్చాలి. చివరగా, మీ ఆదివారం అనుబంధంలో దీనిపై చిత్రాలతో, ముఖ్యంగా ఆ కప్పు, పలకల నిర్మాణం తెలిసే రేఖాచిత్రాలతో, ఒక సమగ్ర వ్యాసం ప్రచురించవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత సివిల్ ఇంజినీరు,
హనుమకొండ