ఆదివారం ప్లీడరు గారు వస్తున్నారు

అందరికీ నమస్కారం. మన వీధి ప్లీడరు గారు మళ్లీ కార్పొరేటరుగా నిలబడతారట. నిన్న మూడులాంతర్ల కూడలి దగ్గర టీ తాగుతూ ఆయనే చెప్పారు.

2021 మార్చి 10 పోలింగు ముందు రోజులు గుర్తున్నాయా? విజయనగరంలో 50 డివిజన్లు, ఎక్కడ చూసినా ఆటో మైకుల హోరు. ఈయన మాత్రం కోర్టు నుంచి నేరుగా వచ్చి, నల్లకోటు స్కూటరు హ్యాండిలుకి తగిలించి ఇల్లిల్లూ తిరిగారు. మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, ఓటు అడగడమే మర్చిపోయి వెళ్లిపోయారు!

గెలిచాక నాకు బాగా పనికొచ్చింది ఇంటి పన్ను విషయంలో. 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువ బదులు ఆస్తి విలువ మీద పన్ను అనేసరికి మేమంతా బెంబేలెత్తాం. ఆయన నా నోటీసు ఒళ్లో పెట్టుకుని, పాత పన్ను కింద పెన్సిలుతో గీత గీసి, పక్కనే 15 శాతం వేశారు. "ఏడాదికి ఇంతకు మించి పెంచకూడదు, ప్రతి ఏడూ మీరే లెక్క చూసుకోండి" అన్నారు. ఆ కాగితం ఇప్పటికీ బీరువాలో ఉంది.

లోపం లేదనను. మాట మొదలెడితే ఆపరు, వాయిదాలున్న రోజు ఫోనెత్తరు. కార్పొరేటరుగా ఉంటూ కార్పొరేషన్ మీద కేసు వాదించడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి అలాంటివి వదులుకున్నారు, అదీ చెప్పాలి.

ఆదివారం సాయంత్రం 5 గంటలకు మా మేడ మీదకి రండి. పన్ను రశీదులు తెచ్చుకోండి. పార్టీ గొడవలు వద్దు. పకోడీలు మా ఆవిడ పూచీ.