జైలులో పాఠం ఒక అధికారి బదిలీతో ఆగిపోవాలా?

సంపాదకులకు,

అయ్యా,

తెలుగు ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాక, నాలుగేళ్లుగా వారానికి రెండు పూటలు ఒక కేంద్ర కారాగారంలో ఖైదీలకు అక్షరాలు నేర్పుతున్నాను. నడుమ అయిదు నెలలు ఆ తరగతి ఆగిపోయింది. నాకు అనుమతి ఇచ్చిన సూపరింటెండెంటు బదిలీ అయ్యారు, కొత్తగా వచ్చినవారు మర్యాదగానే మాట్లాడారు గాని, నా పేరున ఒక్క కాగితమూ దస్త్రంలో లేకపోవడంతో నన్ను గేటు దాటించడానికి వెనుకాడారు. ఆయనను తప్పుపట్టలేను. నోటిమాట మీద నడిచే సేవ నోటిమాటతోనే ఆగిపోతుంది.

ఆ తరగతిలో యాభై దాటిన ఒక రిమాండు ఖైదీ ఉండేవాడు. వకాలతు మీద వేలిముద్ర వేసినవాడే. అందరిలా తన పేరు రాయడం నేర్పమని అడగలేదు, 'ముందు అంకెలు చెప్పండి సారూ' అన్నాడు. వాయిదా ఎప్పుడో ఎవరినీ అడగకుండా తానే చదువుకోవాలని అతని కోరిక. ముప్పయ్యేళ్లు బడిలో పనిచేసిన నాకు చదువు ఎందుకో అంత సూటిగా చెప్పిన విద్యార్థి మరొకరు తగలలేదు. 2022 నాటి జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం దేశంలోని ఖైదీలలో నూటికి 75 మందికి పైగా అతనిలాగే విచారణ ముగియనివారు.

గేటు ఇవతలి సంగతి వేరు. ములాఖత్ కోసం రాత్రి బస్సులో వచ్చిన తల్లులు, కూలి పోగొట్టుకుని వచ్చిన భార్యలు ఎండలోనే నిలబడతారు. ఆధార్‌లో ఇంటిపేరు తేడాగా ఉందనో, ఈ వారం వంతును మరో బంధువు వాడుకున్నాడనో వెనక్కి పంపితే, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పేవారు ఉండరు. లోపలికి వెళ్లినవారికీ రెండు వరసల జాలీకి అటూ ఇటూ పదిమంది ఒకేసారి అరుస్తుంటే మాట వినపడదు. ఒకామె, కొడుకు ఏమన్నాడో అర్థం కాక, బయటికొచ్చాక నన్ను అడిగింది. ఏం చెప్పను? వీడియోలో మాట్లాడే ఈ-ములాఖత్ ఉందంటారు, నిజమే, స్మార్ట్‌ఫోనూ దాన్ని వాడే తెలివిడీ ఉన్నవారికి ఉంది. జామీను కట్టలేని పేద విచారణ ఖైదీకి డబ్బు సాయం చేసే కేంద్ర పథకం 2023 నుంచి ఉన్నా, నేను ఆ వరసలో మాట్లాడినవారిలో దాని పేరు విన్నవారు ఒక్కరూ లేరు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ శిక్షణ ఇచ్చిన పారా లీగల్ వాలంటీరు (న్యాయ సాయం చేసే స్వచ్ఛంద కార్యకర్త) ఒకరు ములాఖత్ రోజుల్లో గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చుంటే చాలావరకు ఈ అగచాట్లు తప్పుతాయి.

జైళ్లు ఎలా నడుస్తున్నాయో వచ్చి చూసే సందర్శకులను నియమించే నిబంధనలు చేసుకోవచ్చని 1894 నాటి కారాగారాల చట్టమే రాష్ట్రాలకు అధికారం ఇచ్చింది. అధికారులు కాని పౌరులు కూడా ఉండే సందర్శకుల మండలి ఎంత అవసరమో 2017 సెప్టెంబరులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. చట్టం ఉంది, తీర్పు ఉంది. నేను వెళ్లే జైలులో మాత్రం ఈ నాలుగేళ్లలో అలాంటి సందర్శకుడు ఒక్కరూ నాకు ఎదురుపడలేదు. మండలిలో ఎవరున్నారని రెండుసార్లు అడిగినా జవాబు రాలేదు.

కనుక జైళ్ల శాఖకు నా విన్నపం ఇది. ప్రతి జైలులోనూ అధికారులు కాని సందర్శకుల పదవులను రాజకీయ సిఫార్సులతో కాక, ఉపాధ్యాయులతో, వైద్యులతో, న్యాయవాదులతో, ముఖ్యంగా మహిళలతో నింపి, ఆ పేర్లను గేటు బయట తెలుగులో అంటించాలి. స్వచ్ఛందంగా బోధించేవారికి పోలీసు విచారణ జరిపి, ఏడాది గడువుతో రాతపూర్వక అనుమతి ఇవ్వాలి. భద్రత పేరుతో తనిఖీ ఎంత కఠినంగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు, నా కళ్లజోడు పెట్టెను ఇప్పటికీ ప్రతిసారీ తెరిచి చూస్తారు. కిందటి నెలలో తరగతి మళ్లీ మొదలైంది. ఈసారి కూడా నోటిమాట మీదే.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు