సింహళ విహారం ఒక్క బిట్‌తో సరా?

సంపాదకులకు నమస్కారం.

గ్రూప్స్‌కి చదివే పిల్లలకు 'బోధిశ్రీ, చుళధమ్మగిరి, సింహళ భిక్షువులు' అంటే ఒక బిట్. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో, నాగార్జునకొండలోని చుళధమ్మగిరి విహారంలో బోధిశ్రీ అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం (ప్రార్థనా మందిరం) కట్టించిందని కంఠతా పట్టేస్తారు. ఆ భిక్షువులు సముద్రం దాటి కృష్ణ ఒడ్డుకు ఎందుకొచ్చారు, వాళ్ల దేశంలో మతం ఎలా నడిచేదని ఎవరైనా అడిగితే చేతిలో పెట్టడానికి తెలుగు పుస్తకం కోసం ఎంతో వెతికాను. దొరకలేదు.

ఇంగ్లిష్‌లో ఉంది. వాల్పొల రాహుల రాసిన 'హిస్టరీ ఆఫ్ బుద్ధిజం ఇన్ సిలోన్' 1956లో వచ్చింది. క్రీ.పూ. 3వ శతాబ్దం నుంచి క్రీ.శ. 10వ శతాబ్దం దాకా, అనురాధపురం రాజధానిగా ఉన్న కాలపు శ్రీలంక మత చరిత్ర. రాసింది స్వయంగా బౌద్ధ భిక్షువు. అయినా తన సంఘాన్ని వెనకేసుకు రాలేదు. విహారాలకు పొలాలు, చెరువులు ఎలా చేరాయో, ఆ ఆదాయంతో భిక్షువుల బతుకు ఎలా మారిందో విప్పి చెబుతాడు. అనురాధపురం దగ్గరి మిహింతలే విహారంలోని 10వ శతాబ్దపు శాసనం చూడండి, విహారంలో ఏ పనివాడికి ఎంత ముట్టజెప్పాలో లెక్కగా చెక్కించారు!

నన్ను బాగా కదిలించింది కరువు ఘట్టం. క్రీ.పూ. 1వ శతాబ్దంలో తిండి లేక భిక్షువులు చెల్లాచెదురయ్యారు. ఎందరో చనిపోయారు. బతికి బయటపడ్డవాళ్లు మళ్లీ కలిశాక ఒక వాదం లేచింది: ధర్మానికి మూలం చదువా, ఆచరణా? చదువు పక్షమే గెలిచింది. అప్పటిదాకా నోటిమీదే నిలిచిన బౌద్ధ ధర్మగ్రంథాలు, త్రిపిటకాలు, లంకలోని అలువిహార అనే విహారంలో రాతకెక్కింది కూడా ఆ రోజుల్లోనే. ఇంత పెద్ద మలుపు మన పాఠాల్లో ఒక్క వాక్యంతో అయిపోతుంది.

ఇది పరాయి దేశం గొడవ కాదు. ఇక్ష్వాకులతోనే మన బౌద్ధం కథ ముగిసిందని చాలామంది అనుకుంటారు. రాహుల గ్రంథం ఆగిన కాలానికి చాలా తర్వాత, 1344 నాటి శ్రీలంకలోని గడలాదెణియ శాసనంలో ధర్మకీర్తి అనే సింహళ స్థవిరుడు (పెద్ద భిక్షువు) ధాన్యకటకంలో, అంటే మన అమరావతిలో, రెండంతస్తుల ప్రతిమా గృహాన్ని బాగుచేయించాడని ఉంది. అమరావతి చరిత్రలో కొంత భాగం లంకలో ఉందన్నమాట.

ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. నేను వెళ్లే గ్రంథాలయంలో కొత్తగా వచ్చేవి ఎక్కువగా గైడ్లే. అవీ కావాలి, కాదనను. కానీ ఆ డబ్బులో కొంతైనా ఇలాంటి గ్రంథాలకు పెట్టాలి. తెలుగు అకాడమీ హక్కుదారుల అనుమతి తీసుకుని, బౌద్ధ గ్రంథాల భాష పాలీ తెలిసినవాళ్ల చేత రాహుల పుస్తకాన్ని తెలుగులోకి అనువదింపజేయాలి. ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఒక ప్రతి ఉంచి, నాగార్జునకొండ మ్యూజియం దగ్గర అమ్మకానికీ పెట్టాలి. రెండు రాష్ట్రాల అధికారులూ ఈ విషయం పట్టించుకోవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక చరిత్ర ఉపాధ్యాయుడు, పల్నాడు జిల్లా